ఔదార్యం ఎవరి బాకీ?

కర్లింగ్ ఆటలో ఒక నియమం ఉంది. ఆడేవాళ్ళు తమ తప్పును తామే చెప్పుకోవాలి. మంచు మీద జారుతున్న తమ రాయికి బ్రష్షో కాలో తగిలితే, ఎవరూ చూడకపోయినా సరే, తగిలించినవాళ్ళే ముందుకొచ్చి ఆ మాట చెప్పాలి. అంపైర్ వచ్చి పట్టుకునేదాకా ఆగడం ఆ ఆటలో సిగ్గుచేటు. అన్యాయంగా గెలవడం కన్నా ఓడిపోవడమే మేలన్నది కర్లింగ్ తన గురించి తాను గర్వంగా చెప్పుకునే మాట. సాహిత్యం చదువుకున్న మనిషికి ఆటలతో పనేమిటని మీరు అడగవచ్చు. ఈ నియమం గురించి తెలిసినప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. తప్పు చెప్పుకోవడం ఒకరి బాధ్యత అయితే, దాన్ని క్షమించడం అవతలివాళ్ళ బాధ్యత అయిపోతుందా?

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇది స్కాట్లండ్‌లో పుట్టింది. జట్టుకు నలుగురు. దాదాపు 45 మీటర్ల పొడవున్న మంచు పట్టీ మీద, 20 కిలోలకు కాస్త తక్కువగా తూగే గ్రానైట్ రాయిని ఒకరు జారవిడుస్తారు. అవతలి చివరనున్న వలయాల నడిమికి అది చేరాలి. ఇద్దరు రాయికి ముందు కదులుతూ మంచును బ్రష్‌లతో గట్టిగా రుద్దుతారు. ఆ రాపిడికి మంచు పైపొర కాస్త వేడెక్కి రాయి మరింత దూరం, మరింత తిన్నగా వెళ్తుంది. స్కిప్ అని పిలిచే జట్టు నాయకురాలో నాయకుడో వలయాల దగ్గర నిలబడి దారి చూపిస్తారు. ఆ వలయాలకు ‘హౌస్’ అని పేరు. అంటే ఇల్లే. ఇంటి దారి ఊడవడానికి మగవాళ్ళు చెమటోడ్చే చోటు, దాన్ని నైపుణ్యమని లోకం చప్పట్లు కొట్టే చోటు ఇదొక్కటేనేమో! చీపురు ఎవరి చేతిలో ఉందన్నదాన్నిబట్టి ఊడ్చే పని విలువ మారిపోతుందని మనకు వేరే చెప్పనక్కర్లేదు.

స్త్రీలు ఆడుతున్నారని ఈ ఆటలో రాయి బరువు తగ్గించరు, పట్టీ పొడవు తగ్గించరు. అయినా స్త్రీలకు తలుపు తెరుచుకోవడానికి చాలా కాలం పట్టింది. పురుషుల ప్రపంచ పోటీలు 1959లో మొదలైతే స్త్రీలవి 1979లో మొదలయ్యాయి. 1924లో షామొనీలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో మగ జట్లే ఆడాయి. స్త్రీలు ఒలింపిక్ పతకాల కోసం బరిలో దిగింది 1998లో, నగానోలో. ఆ మొదటి స్వర్ణం కెనడాది. స్కిప్ శాండ్రా ష్మర్లర్‌కు అప్పటికి కొన్ని నెలల పసిబిడ్డ ఉంది. ఆ జట్టులో మరో సభ్యురాలు జోన్ మెకస్కర్.

ఇక 2018 ఫిబ్రవరి, దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్. కెనడా, డెన్మార్క్ స్త్రీల జట్లు ఆడుతున్నాయి. మంచు రుద్దుతున్న డెన్మార్క్ క్రీడాకారిణి తమ రాయినే పొరపాటున తాకింది. అప్పుడు నిర్ణయం అవతలి స్కిప్‌ది. ఆమె ముందు మూడు దారులున్నాయి. ఆ రాయిని తీసేయవచ్చు. ఆగినచోటే ఉండనివ్వవచ్చు. తాకకపోయి ఉంటే ఎక్కడ ఆగేదో అంచనా వేసి అక్కడ పెట్టవచ్చు. కెనడా స్కిప్ రేచెల్ హోమన్ రాయిని తీసేసింది. నియమాన్ని ఇసుమంతైనా దాటలేదు. అయినా దుమారం లేచింది. క్రీడాస్ఫూర్తి లేదన్నారు. టీవీ వ్యాఖ్యాతగా ఉన్న జోన్ మెకస్కర్, అదే నగానో విజేత, తానైతే రాయిని ఉండనిచ్చేదాన్ననీ, ఇలా చేస్తే చూడటానికి బాగుండదనీ అంది. చివరికి కెనడా 9–8 తేడాతో ఓడిపోయింది.

ఆ విమర్శను నేను తేలిగ్గా కొట్టిపారేయను. చిన్న తాకిడిని చూసీ చూడనట్టు పోనివ్వడం ఆ ఆటలో పాత మర్యాద. మగ స్కిప్ మీదా ఇలాంటి విమర్శ రావచ్చు. నా తకరారు ‘చూడటానికి బాగుండదు’ అన్న మాటతో. ఈ మాట వినకుండా పెరిగిన స్త్రీ మనలో ఎవరుంది? ఆస్తిలో వాటా అడిగితే చూడటానికి బాగుండదు. అన్నదమ్ముల మీద కేసు వేస్తే చూడటానికి బాగుండదు. చట్టం నీదేనమ్మా, కానీ వాడుకోకు, అన్నదే అందులో సారాంశం. న్యాయాన్ని అడిగి తీసుకోవచ్చు, అది హక్కు. దయ అలా కాదు, ఇచ్చేవాళ్ళ ఇష్టం. ఇవ్వకపోతే నిందిస్తామని బెదిరించి తీసుకున్నది దయ కాదు, వసూలు.

మరి ఔదార్యానికి చోటే లేదా? ఉంది. కర్లింగ్‌లో అది నిలబడటానికి ఒక కారణముంది. ఇవాళ నీ బ్రష్ తగిలింది, రేపు నాది తగలవచ్చు. పాత్రలు మారుతుంటాయి. సమానుల మధ్య ఔదార్యం చేబదులు లాంటిది, తిరిగి వస్తుంది. ఎప్పుడూ ఒకరే క్షమించి, ఎప్పుడూ ఒకరే క్షమింపబడే చోట దాన్ని సద్గుణమని పిలవడంలోనే మోసం ఉంది.

ఆ ఒలింపిక్స్‌లోనే వెండి పతకం గెలిచిన దక్షిణ కొరియా స్త్రీల జట్టు కథ ఈ సంగతినే చెబుతుంది. అందరి ఇంటిపేరూ కిమ్మే కాబట్టి ‘టీమ్ కిమ్’ అన్నారు. ఆ దేశం వాళ్ళను నెత్తిన పెట్టుకుంది. 2018 నవంబరులో ఆ అమ్మాయిలు క్రీడాధికారులకు ఉత్తరం రాశారు. శిక్షకుల దూషణలు, చేతికి అందని బహుమతి సొమ్ము, పెళ్ళి చేసుకున్న స్కిప్ కిమ్ ఉన్-జంగ్‌ను పక్కన పెట్టాలన్న ప్రయత్నం, అన్నీ అందులో ఉన్నాయి. జట్టును నడిపిస్తున్నది ఒకే కుటుంబం: సమాఖ్యలో పెద్ద పదవి చేసిన తండ్రి, కూతురు, అల్లుడు. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వ విచారణ ఆ ఫిర్యాదుల్లో చాలా భాగం నిజమేనని తేల్చింది. మంచు మీద చిన్న తాకిడిని కూడా నిజాయితీగా ఒప్పుకోవాల్సిన ఆటే అది. గట్టు మీద నిలబడ్డ పెద్దలకు ఆ నియమం వర్తించలేదు. ఒప్పుకోవడం కింద ఉన్నవాళ్ళ వంతు, ఓర్చుకోవడమూ వాళ్ళ వంతే. ఆ ఓర్పును వదులుకున్నాక కూడా వాళ్ళు ఆడటం మానలేదు. 2022 ప్రపంచ పోటీల్లో వెండి పతకం గెలిచారు.

కర్లింగ్ నియమాన్ని మళ్ళీ ఒకసారి చూడండి. తప్పు చేసినవాళ్ళు చెప్పాలి. నష్టపోయినవాళ్ళు నిర్ణయించాలి. మన ఇళ్ళలో, విశ్వవిద్యాలయాల్లో ఇది తలకిందులుగా నడుస్తుంది. చేసినవాళ్ళు మౌనంగా ఉంటారు. నష్టపోయిన స్త్రీ చెప్పాలి, రుజువు చేయాలి, చివరికి పెద్దలు నిర్ణయిస్తారు, ఆమె పెద్ద మనసు చేసుకోవాలి. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన మన చట్టం రాజీకి ఒక షరతు పెట్టింది. బాధితురాలు కోరితేనే రాజీ ప్రయత్నం చేయాలి. చిన్న వాక్యమే కానీ, క్షమించే అధికారం ఎవరిదో అది తేల్చి చెప్పింది. ఆచరణలో ఆ కోరికను ఆమె నోట పలికించడానికి ఎంతమంది శ్రేయోభిలాషులు బయల్దేరుతారో మనకు తెలుసు.

హోమన్ స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్ని? బహుశా రాయిని ఉండనిచ్చేదాన్నే. కానీ తీసేసే హక్కు నాకు నిజంగా ఉన్నప్పుడే, తీసేసినా నన్ను ఎవరూ చెడ్డదాన్ని చేయనప్పుడే, ఉండనివ్వడం నా మంచితనం అవుతుంది. కాదనే వీలు లేని చోట స్త్రీలు చూపించిన ఔదార్యాన్ని మన సాహిత్యం చాలాకాలం పొగిడింది. ఆ పొగడ్తలన్నిటినీ మళ్ళీ చదవాలి. ఎక్కడ ఆమె ఇచ్చిందో, ఎక్కడ ఆమె దగ్గర వసూలు చేశారో వేరుచేసి చూడాలి.