ఎవరితో కలిసి తిన్నావమ్మా?



మన పోర్ట్‌బ్లెయిర్ తెలుగు కుటుంబాల్లో చాలామంది మూలాలు శ్రీకాకుళం వైపే. పిల్లలకు డిగ్రీ చదువు ఇక్కడా ఉంది. జె.ఎన్.ఆర్.ఎం. కళాశాల 1967లోనే మొదలైంది. అయినా కొందరు ఓడెక్కి విశాఖపట్నం వెళతారు. 1926లో పుట్టిన ఆంధ్రా విశ్వవిద్యాలయంలో చేరతారు.

అక్కడ మొదటి నెల ఎలా ఉంటుంది? ఇక్కడ బజారుకెళితే పదిమంది పలకరిస్తారు. అక్కడ వేలమంది నడుస్తున్నా, పేరు పెట్టి పిలిచేవాళ్ళుండరు. మెస్సులో కంచం పట్టుకుని నిలబడితే, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియదు. అంత పెద్ద చోటు మనదనిపించాలంటే ఒక్క తోడు దొరకాలి.

ఓడలో బంక్ క్లాసు ప్రయాణం మీకు తెలిసిందే. ఎక్కిన రోజు పక్క బంకు మనిషి ఎవరో. మర్నాటికి వాళ్ళ ఆవకాయ ఇటొస్తుంది, మన చేపల వేపుడు అటెళుతుంది. విశ్వవిద్యాలయమూ అంతే. ఒక్క తోడు దొరికితే చాలు. లైబ్రరీకి దారి, పాత ప్రశ్నపత్రాలు, జ్వరమొస్తే ఇంత గంజి, అన్నీ ఆ తోడు వెంటే వస్తాయి. ర్యాంకుల గురించి పిల్లలకు ఎంతో చెబుతాం. ఈ సంగతి మాత్రం చెప్పి పంపం. చెప్పాలి.

మీ అబ్బాయో అమ్మాయో దూరాన చదువుతుంటే, ఇవాళ ఫోన్ చెయ్యండి. మార్కుల మాట తర్వాత. "రాత్రి ఎవరితో కలిసి తిన్నావమ్మా?" అని ముందు అడగండి. "ఒక్కదాన్నే" అంటే, ఇంకాసేపు మాట్లాడండి.