తోడెవరొచ్చారు?

ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. కొత్త పేషెంటు వార్డులోకి రాగానే జ్వరమెంత, బీపీ ఎంత అని చూడకముందే నా నోట ఒక మాట వచ్చేది: "తోడెవరొచ్చారు?" బయట మందులు తెచ్చేదెవరు, రాత్రి సెలైన్ అయిపోతే మమ్మల్ని పిలిచేదెవరు అని దాని అర్థం. ఎవరూ రాలేదని చెప్పేవాళ్లు ఏదో తప్పు చేసినట్టు తల దించుకుని చెప్పేవాళ్లు.

మూడేళ్ల కిందట మా ఆయన పోయారు. ఆ డిసెంబరులో గుళ్లో ఎవరో "పండక్కి ఎవరొస్తున్నారండీ?" అని అడిగినప్పుడు నేనూ అలాగే తల దించుకున్నాను.

మాది గుంటూరు. మా ఆయన డ్రాయింగు మాస్టారు. డిసెంబరు ఒకటో తారీఖుకల్లా వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టి, ఎర్ర గ్లేజు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి డాబా మీద గడకు ఎత్తేవారు. ఆయన పోయిన ఏడాది నక్షత్రం అటక మీదే ఉండిపోయింది. కేరల్స్‌కి తిరిగే కుర్రాళ్లు ఏటా మారుతుంటారు. ఏది క్రైస్తవుల ఇల్లో వాళ్లకు నక్షత్రమే గుర్తు. ఇరవై మూడో తారీఖు రాత్రి ఒంటిగంట దాటాక మా వీధిలోకి టెంపో వచ్చింది. డోలక్, గిటారు, నవ్వులు. మూడిళ్ల అవతల పాడి, ప్రార్థన చేసి, టీలు తాగారు. మా గేటు దాటుకుని వెళ్లిపోయారు. నేను ముందు గదిలో లైటార్పి కుర్చీలో కూర్చుని ఉన్నాను. వాళ్లు ఆగకూడదనే లైటార్పాను. ఆగలేదని తెల్లారేదాకా ఏడ్చాను.

స్త్రీల సమాజంలో ఒక అక్కయ్యతో ఈ సంగతి చెప్పుకున్నాను. "దేవుడు తోడుండగా మనకు ఒంటరితనమేంటమ్మా? అది విశ్వాసం తగ్గినందుకు గుర్తు, ప్రార్థనలో పెట్టుకో" అంది. మంచి మనిషి, నా మీద ప్రేమతోనే అంది. కానీ ఆ మాట నాలో ముల్లులా దిగింది. పండగ పూట ఇల్లు బావురుమంటుంటే అది బాధ. ఆ బాధపడటం పాపమంటే, మోయాల్సినవి రెండు. ఏడాదిపాటు ఆ రెండోదాన్ని కూడా మోశాను.

దాన్ని దింపింది ఆదికాండమే. చిన్నప్పటి నుంచి చదువుతున్నదే, ఎప్పుడూ ఆగి చూడలేదు. మొదటి అధ్యాయం నిండా దేవుడు చేసిన ప్రతిదాన్నీ చూసి మంచిదంటాడు. వెలుగు మంచిది, నేల మంచిది, చేపలూ పక్షులూ మంచివి. మొట్టమొదట ఆయన నోట మంచిది కాదన్న మాట వచ్చింది దేని గురించి? రెండో అధ్యాయంలో, నరుడు ఒక్కడే ఉండటం గురించి. అప్పటికి పాము రాలేదు, పండు కొయ్యలేదు, పాపం పుట్టలేదు. దేవుడు ఆ మనిషితో నేరుగా మాట్లాడుతున్నాడు. తాను పక్కనే ఉండి కూడా, వీడు ఒంటరిగా ఉన్నాడు, ఇది బాగాలేదు అన్నది ఆయనే. నేనుండగా నీకు ఇంకొకరెందుకని అడగలేదు.

ఆ వాక్యం దగ్గర బైబిలు మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఒంటరితనం పాపం కంటే పాతది. దాన్ని ముందుగా చూసి, జాలిపడింది కూడా దేవుడే.

గెత్సేమనే తోట సంగతీ అంతే. ఆ రాత్రి యేసు పేతురునీ జెబెదయి కొడుకులిద్దరినీ వెంట తీసుకెళ్లి, ఇక్కడే ఉండి నాతో మెలకువగా ఉండమని అడిగాడు. తండ్రితో మాట్లాడబోతున్నవాడు మనుషుల్ని తోడు అడిగాడు. వాళ్లు నిద్రపోయారు. లేపినా మళ్లీ నిద్రపోయారు. ఆయనకే తోడు కావలసి వచ్చినప్పుడు, తోడు కావాలనుకోవడం విశ్వాసం తక్కువైనట్టెలా అవుతుంది? ఆ అక్కయ్యకు ఇది చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన పెద్దకొడుకు రెండేళ్లుగా ఫోను చెయ్యడంలేదని చెప్పింది.

ఇమ్మానుయేలు అన్న పేరుకు మన తెలుగు బైబిలు చెప్పే అర్థంలో ఉన్నదీ ఆ మాటే, తోడు. అనువదించినవాళ్లు ఎంతో పెద్ద సంస్కృత పదం వెతుక్కోవచ్చు. వార్డులో నేను రోజుకు ఇరవైసార్లు అడిగిన మాటనే అక్కడ పెట్టారు. రాత్రంతా మంచం పక్కన కింద దుప్పటి పరుచుకుని పడుకునే తల్లి, భార్య, తమ్ముడు, వీళ్లని మనం తోడంటాం. దేవుడు దూరం నుంచి కబురు పంపి ఊరుకోలేదు, మంచం పక్కకు వచ్చాడనే కదా క్రిస్మస్ అంటే.

ఇది రాస్తుంటే ఒక తాత గుర్తొస్తున్నాడు. ఎనభైల్లో, ఇరవై నాలుగో తారీఖు నైట్ డ్యూటీ. మాలో మాకొక ఒప్పందం ఉండేది. సంక్రాంతికి మేం క్రైస్తవులం హిందూ నర్సుల డ్యూటీలు చేసేవాళ్లం, క్రిస్మస్‌కి వాళ్లు మావి చేసేవాళ్లు. ఆ ఏడు నా బదులు రావలసినామె బాలింత, అందుకని నేనే వెళ్లాను. బయట రోడ్డు మీద కేరల్స్ పాట వినిపిస్తుంటే, తోడెవరూ లేని ఆ తాత "అమ్మా, కాసేపు ఇటొచ్చి కూర్చో" అన్నాడు. నలభై మంది పేషెంట్లు, నేనూ ఇంకొకామె. "వస్తా తాతా" అని వెళ్లిపోయాను. తీరిక దొరికేసరికి నాలుగైంది. తాత మేలుకునే ఉన్నాడు. నా కోసం పక్క మంచం దగ్గరి స్టూలు తన వైపుకు లాక్కుని పెట్టుకున్నాడు. పది నిమిషాలు కూర్చున్నాను. ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు, స్టూలు మాత్రం గుర్తుంది.

క్రిస్మస్ కథలో ముసలివాళ్లు లేరనుకుంటాం. పిల్లల నాటకంలో మరియ, యోసేపు, గొర్రెల కాపరులు, జ్ఞానులు, అక్కడితో తెర పడుతుంది. లూకా సువార్త రెండో అధ్యాయం ఇంకాస్త చదివితే అన్న అనే వితంతువు కనబడుతుంది. ఏడేళ్లే కాపురం చేసింది. 84 ఏళ్లని లూకా లెక్క రాశాడు. దేవాలయం విడవకుండా ఉపవాసాలతో ప్రార్థనలతో ఉండేది. పసివాణ్ణి తీసుకొచ్చిన గడియకే ఆమె కూడా అక్కడికి వచ్చి, ఎదురుచూస్తున్న వాళ్లందరికీ ఆ బిడ్డ గురించి చెప్పిందట. పక్కనే ఉన్న సుమెయోను అనే ఆయన మాటలు లూకా పూర్తిగా రాశాడు, ఈమె మాట ఒక్కటీ రాయలేదు. ఆమె ఏమందో వినాలని నాకు ఎంత కోరికో చెప్పలేను.

ఆ పేరే పెట్టుకున్న ఇంకొకామె మా ఊరికి 1883లో వచ్చింది. డాక్టర్ అన్నా కుగ్లర్, పెన్సిల్వేనియా ఆమె. పెళ్లి చేసుకోలేదు. ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచి, 1930లో కన్నుమూసేదాకా గుంటూరునే తన ఊరు చేసుకుంది. మా అమ్మ ఆ ఆసుపత్రిలోనే పుట్టింది. సముద్రాలు దాటి ఉత్తరం రావడానికి వారాలు పట్టే రోజుల్లో, ఆమె మొదటి క్రిస్మస్ రాత్రి ఇక్కడ ఎలా గడిచిందో!

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఇక్కడ ఇరవై ఐదు తెల్లవారుజామున ఐదింటికి మేం ఆరాధనకు వెళ్లేటప్పుడు వాళ్లకింకా ఇరవై నాలుగు సాయంత్రం ఐదున్నర. అమ్మాయి కువైట్‌లో నర్సు, పండగ రోజు అక్కడ సెలవుండదు. వాళ్లను నేను తప్పుపట్టను, నేనూ డ్యూటీల్లో పెంచినదాన్నే. పండగపూట ఒంటరిగా ఉన్నవాళ్లకు అందరూ చెప్పే సలహా, పదిమందికి సాయం చెయ్యమని. చేశాను. అనాథాశ్రమంలో దుప్పట్లు పంచాను. మంచి పనే. ఇంటికొచ్చి తాళం తీశాక ఇల్లు అలాగే ఉంది. ఇచ్చేటప్పుడు మనం నిలబడే ఉంటాం, చెయ్యి పైనే ఉంటుంది. నాకు చేతకానిది అడగటం. పశువుల తొట్టిలోకి వచ్చినవాడు పాల కోసం ఏడుస్తూ, ఎత్తుకునే చేతుల కోసం చూస్తూ వచ్చాడు. లోకానికి తోడుగా రావలసినవాడు ముందు తోడు కావలసినవాడుగా వచ్చాడని అరవై ఎనిమిదేళ్లకు నాకు తట్టింది.

పోయినేడు పక్కింటావిడ కొడుకుని అడిగాను, నక్షత్రం దించి కట్టిపెట్టమని. ఒక మూల కాగితం చిరిగి ఉంటే వాడే ఏదో అంటించాడు. ఇరవై నాలుగు సాయంత్రం పాలు కాచాక చూస్తే ఇంట్లో తోడు లేదు. ఒక్కదానికి ఎందుకని పెరుగు ప్యాకెట్లే కొంటున్నాను మరి. రెండేళ్ల తర్వాత గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లాను.

"అయ్యో, దీపాలు పెట్టేశాక తోడివ్వకూడదండీ" అంది పక్కింటావిడ. నేను వెనక్కి తిరగబోతుంటే చెయ్యి పట్టుకుంది. "ధనుర్మాసం కదా, మీరు గుడికి బయల్దేరేసరికి నేను వాకిట్లో ముగ్గు పెడుతూ ఉంటాను. అప్పుడిస్తాను. ఇప్పుడు కూర్చోండక్కయ్యా, ఎన్నాళ్లైంది మీరొచ్చి!"

కూర్చున్నాను. ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీశాం. మా ఆయన వాళ్ల పిల్లాడికి ఏనుగు బొమ్మ గీయడం నేర్పిన సంగతి ఆవిడే ఎత్తింది. ఆ రాత్రి కేరల్స్ వాళ్లు మా గేటు దగ్గర ఆగారు. ఎవరూ తెలిసిన పిల్లలు కాదు. పదిహేడు మంది, టీ గ్లాసులు చాలక కాఫీ కప్పులు కూడా తీశాను.

నాలుగున్నరకు మంచులో ముగ్గు గిన్నె పక్కన చిన్న స్టీలు గిన్నె పెట్టుకుని ఆవిడ ఎదురుచూస్తోంది. పాలు మళ్లీ గోరువెచ్చ చేసి, తోడు వేసి, గిన్నెను బియ్యం డబ్బాలో దించి ఆరాధనకు వెళ్లాను. మధ్యాహ్నం అబ్బాయి వీడియో కాల్ చేసి "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగాడు. బియ్యం డబ్బా మూత తీసి చూస్తున్నాను. చలికాలం కదా, ఇంకా తోడుకోలేదు.