రోబో కూలి ఎవరికి?

మన చిన్నప్పుడు బళ్లో పోటీలంటే వ్యాసరచన, వక్తృత్వం, మహా అయితే ముగ్గులు. ఇప్పుడో! మా అనంతపురంలో తొమ్మిదో క్లాసు పిల్లలు రోబోల పోటీ పెట్టుకుంటున్నారు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తారట. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలు మోటార్లూ, సెన్సార్లూ విప్పి బిగించుకోవచ్చు.

సంతోషించవలసిందే. కానీ నాకో సందేహం. రోబో చేత ఏ పని చేయించాలో నిర్ణయించవలసింది ఎవరు?

ఆ మాట పుట్టుకే చిత్రమైనది. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత తన నాటకంలో మనుషుల బదులు చాకిరీ చేసే కృత్రిమ మానవులకు ఆ పేరు పెట్టాడు. వాళ్ల భాషలో 'రోబోటా' అంటే వెట్టి. మన దేశంలో వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. మనుషులకు తప్పిన వెట్టి యంత్రాలకు పట్టిందంటే ఇంకేం కావాలి, అనిపిస్తుంది. అంత సులువు కాదండీ.

మా వీధి పిల్లలు నలుగురు శెనక్కాయలు ఒలిచే రోబో చేద్దామనుకున్నారు. మిషనులో వేస్తే గింజ పగులుతుందనీ, పగిలింది మొలవదనీ విత్తనం కాయల్ని చేత్తోనే ఒలిపిస్తుంటారు. అది చాలావరకు ఆడవాళ్ల పని. బొటనవేళ్లు వాచిపోతాయి. పిల్లల ఉద్దేశం మంచిదే. కాయలు ఒలిచే అవ్వకి సంబరంగా చెప్పారు. ఆవిడ తలెత్తకుండానే, "ఒలవనీ పాపా, మంచిదే. మరి దాని కూలి ఎవురికిస్తారు?" అంది.

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వాన తప్పిన ఏడు పొలం పనే ఉండదు. దొరికే నాలుగు రోజుల కూలీ యంత్రం పట్టుకుపోతే అవ్వ వేళ్లకు విశ్రాంతే, పొయ్యికీ విశ్రాంతే! మన వంటింట్లోకి గ్రైండరు వచ్చినప్పుడు మనకు తీరిక దొరికింది. పిండి రుబ్బడానికి వచ్చే మనిషికి దొరికిందేమిటి?

అలాగని కూలి పేరు చెప్పి కష్టాన్ని కాపాడుకుందామా? మురుగు గుంతలోకి మనిషి దిగడం ఏ కూలి కోసమైనా ఉండకూడని పనే. 2018లో తిరువనంతపురంలో ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్లు మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే 'బాండికూట్' రోబోను తెచ్చారు. దాన్ని నడపడం పారిశుధ్య కార్మికులకే నేర్పారు. నాకైతే ఆ రెండో పనే గొప్పగా కనిపిస్తుంది.

మన పిల్లలూ తెలివైనవాళ్లే. "నీకేది కష్టం అవ్వా?" అని అడిగారు. "ఒలిచేది కాదు నాయనా, పొట్టు చెరిగేది. దుమ్మంతా గొంతులోకి పోతాది" అంది. చేట ముందుకు రాగానే సెన్సారు కనిపెట్టి ఫ్యాను తిప్పే పెట్టె ఒకటి చేశారు. తూకం లెక్కన కూలి కాబట్టి, చెరిగే పొద్దు కలిసొస్తే అవ్వ ఇంకో చేటెడు ఒలుచుకోవచ్చు. పోటీలో మొదటి బహుమతి మాత్రం నల్లగీత మీద నడిచే బండికి వచ్చింది. బాగానే నడిచింది లెండి.

పని తేలిక చేయడం వేరు, పనిచేసే మనిషిని తేలిక చేయడం వేరు. ఈ తేడా సైన్సు పుస్తకంలో ఉండదు. మీ పిల్లలు మోటారూ, వైర్లూ ముందేసుకుని కూచున్నప్పుడు బహుమతి సంగతి తర్వాత అడగండి. "ఇది ఎవరి పని? వాళ్లనడిగావా?" అని మాత్రం ముందే అడగండి.