రోగియా? శిష్యుడా?

1914–18 యుద్ధమునుండి మరలిన సైనికులు స్వప్నములలో ఆ భయమునే మరల మరల అనుభవించుచుండిరి. కలలన్నియు కోర్కెలు తీర్చుకొనుటకే యను తన పూర్వసిద్ధాంతము వీనికి చాలదని ఫ్రాయిడు 1920లో వ్రాసెను. అది మొదలు యుద్ధనవలానాయకులను మనోరోగులవలె పరీక్షింపనెంచు విమర్శకులకు మార్గమేర్పడినది.

రెమార్కు 1929లో గ్రంథముగా వెలువరించిన 'ఆల్ క్వయెట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అను జర్మను నవలను జూడుడు. ఫిరంగిగుండు త్రవ్విన గోతిలో పౌలు బాయ్మరు ఒక ఫ్రెంచి సైనికుని పొడుచును. వాడు ప్రాణము విడుచువఱకు చెంతనే యుండి, వాని కుటుంబమునకు తోడ్పడుదునని బాస చేయును. చీకటి పడునప్పటికే ఆ బాస చెల్లింపజాలనని యెఱుగును. దీనిని బాధను మనస్సున అణచుకొనుటయని వివరింపవచ్చును. కాదనము.

అయినను రోగియని పేరిడినచో దయ కలుగును గాని నేరము విచారణకు రాదు. బాయ్మరును, వాని సహాధ్యాయులను దేశభక్త్యుపన్యాసములతో సైన్యమున చేర్పించినవాడు కాంటొరెకను ఉపాధ్యాయుడు. కావున మాబోటి బోధకులు శిష్యుని మనస్సును శోధించుటకు ముందు, తరగతిలో తాము పలికిన పలుకులను శోధించుకొనవలయును.