విడుదల చాటిన గంట

మూల వాక్యము: యిర్మీయా 34:8-17
తోడు పఠనము: లేవీయకాండము 25:10, గలతీయులకు 5:13



ఆదివారము ఉదయమున మన గుడిగంట మ్రోగగానే, పొలముగట్టున నున్నవాడును, పొయ్యియొద్దనున్న తల్లియు ఆ పిలుపు తమకేయని యెరుగుదురు. గంటకు మనుష్యుల భేదము తెలియదు. అయితే గంట పిలిచినవారినందరిని ఆ గంటను కట్టినవారు లోనికి రానిత్తురా? ఈ నెల మనము అమెరికా దేశపు గంట యొకదానిని జ్ఞాపకము చేసికొని ఈ ప్రశ్నను ధ్యానింతము.

ఆ దేశములో ఫిలదెల్ఫియ అను పట్టణము కలదు. ప్రకటన గ్రంథములో మనము చదువు సంఘము పేరే దానికిని పెట్టిరి. సహోదర ప్రేమ యని ఆ పేరునకు అర్థము. 1751లో అక్కడి శాసనసభవారు తమ సభాభవనము కొరకు లండనులో ఒక గంటను పోత పోయించుటకు వ్రాసి, దానిమీద లేవీయకాండము 25:10 లోని మాటను వేయించిరి. సునాద సంవత్సరమున దేశములోనున్న వారందరికిని విడుదల చాటుడని దేవుడు మోషేద్వారా ఇచ్చిన ఆజ్ఞ అది. దానిని వేయించిననాడు వారింకను ఇంగ్లాండు రాజునకు లోబడియున్న ప్రజలే.

సముద్రతీరమందు అట్టి వలస రాష్ట్రములు 13 ఉండెను. 1763లో ముగిసిన గొప్ప యుద్ధమువలన ఇంగ్లాండునకు అప్పులు పెరుగగా, పార్లమెంటువారు ఆ భారమును వలసలవారిపై మోపజూచిరి. 1765లో కాగితములమీద స్టాంపు పన్ను, తరువాత తేయాకు మీద పన్ను విధించిరి. ఆ పార్లమెంటులో తమ పక్షమున మాటలాడువాడు ఒక్కడును లేడని ప్రజలు మొరపెట్టిరి. 1773లో బోస్టను రేవునందు ఈస్టిండియా కంపెనీవారి తేయాకు పెట్టెలు 342 నీళ్లలో పారవేసిరి. ఆ కాలముననే మన ఉత్తర సర్కారులలో పాతుకొనుచున్న కంపెనీ అదియే.

1775లో యుద్ధము మొదలాయెను. 1776 జూలై 4వ తేదీన, ఫిలదెల్ఫియలోని ఆ గంటగల భవనమందే స్వాతంత్ర్య ప్రకటనను అంగీకరించిరి. మనుష్యులందరు సమానులుగా సృజింపబడిరనియు, వారి హక్కులు సృష్టికర్త ఇచ్చినవేగాని రాజు ఇచ్చినవి కావనియు అందులో చాటిరి. 1781లో ఫ్రెంచివారి సహాయముతో యార్కుటౌను నొద్ద కారన్ వాలీసు సేనాపతి సైన్యమును లొంగదీసిరి. 1786లో మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చినవాడు ఈ కారన్ వాలీసే. 1783లో సంధి జరిగి స్వాతంత్ర్యము స్థిరమాయెను.

అయితే ఎఱ్ఱసముద్రము దాటుట వేరు, ఒక జనముగా కట్టబడుట వేరు. ఇశ్రాయేలీయులు సముద్రము దాటిన పిమ్మట సీనాయి కొండయొద్దకు రావలసియుండెను గదా. వీరికిని అట్లే జరిగెను. కాంగ్రెసుకు పన్ను వేయు అధికారము లేదు. సైనికుల జీతములు బాకీపడెను. ప్రతి రాష్ట్రమును తన దారి తానే చూచుకొనెను. మసాచుసెట్సులో అప్పులకును పన్నులకును భూములు పోగొట్టుకొనుచున్న రైతులు 1786లో తిరుగబడిరి. కాబట్టి 1787లో 55 మంది ప్రతినిధులు మరల ఆ భవనమందే కూడుకొని, మే నెల మొదలు సెప్టెంబరు వరకు వాదించుకొని, రాజ్యాంగమును వ్రాసిరి. అధికారమంతయు ఒక్కని చేతిలో ఉండకుండ మూడు భాగములు చేసిరి. ఎవరి మతమును వారు స్వేచ్ఛగా అవలంబించు హక్కును 1791లో చేర్చిరి.

ఇంకొక సంగతియు చెప్పదగినది. సేనాపతియైన వాషింగ్టను 1783 డిసెంబరులో కాంగ్రెసు ఎదుటికి వచ్చి తన అధికారపత్రమును తిరిగి అప్పగించి, ఇంటికి పోయెను. రాజుగా ఉండుమని జనులు బ్రతిమాలినప్పుడు ఒల్లనని చెప్పిన గిద్యోనును (న్యాయాధిపతులు 8:23) జ్ఞాపకము చేయు కార్యమిది. మేలైనదానిని మేలని ఒప్పుకొనుట క్రైస్తవ ధర్మము.

కాని, ప్రియులారా, గంటమీద నున్న మాట నెరవేరెనా? 1790లో వారు మొదటి జనాభా లెక్కలు తీసిరి. సుమారు 39 లక్షల జనులలో దాదాపు 7 లక్షలమంది దాసులు! ఆఫ్రికానుండి ఓడలలో తేబడి అమ్మబడినవారును, వారి సంతానమును వీరే. ప్రతినిధుల సంఖ్యను లెక్కకట్టునప్పుడు ఐదుగురు దాసులను ముగ్గురిగా ఎంచవలెనని రాజ్యాంగములో వ్రాసిరి. 1808 వరకు దాసులను దిగుమతి చేసికొనుట కాంగ్రెసు మాన్పరాదనియు వ్రాసిరి. రాష్ట్రములు విడిపోకుండవలెనని దాసుల మెడమీదుగా రాజీపడిరి.

దేవాలయములోనైన భేదము లేకుండెనా? దాసుడుగా పుట్టి, తన విడుదలను తానే కొనుక్కొన్న రిచర్డు అలెను అను బోధకుడు ఆ ఫిలదెల్ఫియలోనే ఉండెను. ఒక ఆదివారమున అతని సహచరుడైన అబ్సలోము జోన్సు మోకరించి ప్రార్థించుచుండగా, అది నల్లవారి స్థలము కాదని ఆలయ పెద్దలు అతనిని పట్టి లేవదీసిరి. ప్రార్థన ముగియువరకైనను ఆగుడని అతడు వేడుకొనెను. వారు ఆగలేదు. నల్లవారందరు లేచి వెలుపలికి నడిచిరి. తరువాత 1794లో అలెను బేతేలు అను దేవాలయమును స్థాపించెను. సహోదర ప్రేమ యను పేరుగల ఊరిలో, విడుదల గంట వినబడు దూరములో ఇది జరిగెను.

ఇప్పుడు మూల వాక్యమునకు వత్తము. బబులోను సైన్యము యెరూషలేమును చుట్టుకొన్నప్పుడు సిద్కియా రాజును ప్రజలును దేవుని మందిరములో నిబంధన చేసి తమ దాసులను విడిపించిరి. సైన్యము కొంచెము తొలగగానే వారిని మరల పట్టి తెచ్చుకొనిరి. అపాయములో విడుదల, నెమ్మదిలో బానిసత్వము! అప్పుడు దేవుడు ఏమనెను? మీరు మీ సహోదరులకు విడుదల చాటలేదు గనుక, ఖడ్గమునకును తెగులునకును క్షామమునకును నేను విడుదల చాటుచున్నాననెను.

ఆ మాట అమెరికాలో కూడ నెరవేరినట్లున్నది. నెల్లూరులో అమెరికా మిషనెరీలు సువార్తపని ఆరంభించిన కొద్ది యేండ్లకే, 1845లో, ఆ దేశపు బాప్తిస్టులు దాస్యము విషయమై రెండుగా చీలిరి. 1861 మొదలు 1865 వరకు దేశమే రెండుగా చీలి యుద్ధము చేయగా ఆరు లక్షలకు పైగా చనిపోయిరి. 1865లోనే దాస్యము రద్దాయెను. ఈ యుద్ధము దాస్యమను పాపము కొరకు దేవుడు పంపిన తీర్పు కావచ్చునని అధ్యక్షుడు లింకను ఆ సంవత్సరము మార్చిలో ప్రజల యెదుటనే చెప్పెను. తాతలు చేసిన రాజీకి మనుమలు వెల చెల్లించిరి.

దూరదేశపు పాపమును చూచి తల ఊపుట సులభము. నా పాపమును చెప్పనిండు. నేను కాపరిగా నుండిన ఒక గ్రామములో తుపాను రాత్రి రెండు పేటలవారును గుడిలో చేరిరి. ఒకే కుండలోని గంజి త్రాగిరి. ఒకరి బిడ్డను మరియొకరు ఒడిలో పెట్టుకొనిరి. నీరు తీసిన మూడవ ఆదివారమున ప్రభువు బల్లయొద్దకు మరల మొదటి పేట ముందు, రెండవ పేట వెనుక వచ్చిరి. ఆ తుపాను రాత్రి అందరికి గంజి వడ్డించిన ముసలి తల్లి, గోడప్రక్కన నిలిచి తన వంతుకొరకు కనిపెట్టుచుండెను. ఆమె నావైపు చూచెను. పాత్ర నా చేతిలోనే యుండెను. పెద్దలు నొచ్చుకొందురని నేను నోరు మెదపలేదు. యెరూషలేము పెద్దలు చేసినదియు ఇదే గదా.

1947లో మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసెను. చట్టము చేయవలసినది చట్టము చేసెను. బల్లయొద్ద చేయవలసినది మనది. క్రీస్తు మనలను విడిపించినది మరియొకరిమీద పెత్తనము చేయుటకు కాదు, ప్రేమతో ఒకరికొకరు దాసులమగుటకే అని పౌలు గలతీయులకు బోధించెను.

కాబట్టి వచ్చు సంస్కారపు ఆదివారమున వరుసలు లేకుండ రండి. ఏ పేటవాడు ఎవని ప్రక్కన మోకరించినను, వానిని లేవదీయకుడి. ఎవరైన నొచ్చుకొనినయెడల కాపరియొద్దకు పంపుడి; ఈసారి నేను మాటలాడెదను.

ప్రార్థన: విమోచకుడవైన ప్రభువా, అపాయములో చేసిన నిబంధనను నెమ్మదిలో మీరకుండ మమ్మును కాపాడుము. మా గంట పిలిచినవారినందరిని మా హృదయములును పిలుచునట్లు చేయుము. ఆమేన్.