గుర్తు తీర్పు కాదు

యానాంలోనే కాదు, గోదావరి పొడవునా ఏ ఊళ్లోనైనా బిడ్డ అవయవ లోపంతో పుడితే అందరి చూపూ ముందు తల్లి మీదికే పోతుంది. గ్రహణంలో బయట తిరిగిందా, మేనరికమా, ఏ జన్మ పాపమో! అదే బిడ్డకు కొన్నేళ్లకు క్యాన్సర్ కూడా వస్తే, కర్మ రెండోసారి కాటేసిందని తీర్మానిస్తారు. రెండు కష్టాలకూ లంకె ఉందన్న అనుమానం వట్టిది కాదు. ఆ లంకెను శిక్షగా చదవడమే పొరపాటు.

1964లో అమెరికాలో రాబర్ట్ మిల్లర్ బృందం విల్మ్స్ ట్యూమర్ అనే కిడ్నీ క్యాన్సర్ వచ్చిన 440 మంది పిల్లల రికార్డులు పరిశీలించింది. వారిలో ఆరుగురికి కంటిపాప చుట్టూ ఉండాల్సిన రంగు వలయం పుట్టుకతోనే లేదు. మామూలుగా ఇది పదుల వేల మందిలో ఒకరికి కనిపించే లోపం. కారణం తర్వాత తేలింది. కంటిని తీర్చే జన్యువూ, కిడ్నీని తీర్చే జన్యువూ 11వ క్రోమోజోమ్‌పై ఇరుగుపొరుగున ఉంటాయి. ఆ ముక్క ఊడిపోతే రెండూ పోతాయి. చాలావరకు ఇది ఆ బిడ్డలోనే కొత్తగా జరిగే మార్పు. మేనరికం కొన్ని ఇతర జన్యువ్యాధుల ముప్పు పెంచే మాట నిజమే కానీ, ఈ నేరం దానికి అంటదు. డౌన్ సిండ్రోమ్ సంగతి ఇంకా విచిత్రం. దానికి కారణమైన అదనపు 21వ క్రోమోజోమే లుకేమియా అనే రక్త క్యాన్సర్ ముప్పును ఎన్నో రెట్లు పెంచుతుంది. పసితనంలో వచ్చే ఒక రకం లుకేమియా మందులకు బాగా లొంగడానికీ అదే తోడ్పడుతుంది. కడుపులో, ఛాతీలో వచ్చే గడ్డలు ఈ పిల్లల్లో తక్కువ. ఇలా ఒకే చేత్తో కొట్టి, కాచేదాన్ని శిక్ష అనడం ఎలా?

‘సైన్సు ఎలా జరిగిందో చెబుతుంది, నా బిడ్డకే ఎందుకో చెప్పదు కదా’ అని భక్తులు అడగవచ్చు. నిజమే, చెప్పదు. పూర్వజన్మ పాపమన్న జవాబు మాత్రం ఏం చెబుతుంది? ఆ పాపమేదో ఎవరూ చూపలేరు. నింద మాత్రం తల్లి మోయాలి. పైగా కర్మ సిద్ధాంతంలో గతం నుంచి వచ్చే ప్రారబ్ధం ఒక్కటే లేదు, ముందుకు ఫలించే ఆగామీ ఉంది. ఇప్పుడు మనం చేసేదీ కర్మే. ‘రాని జబ్బు పేరు చెప్పి భయపెట్టడం దేనికి’ అన్నది మరో అభ్యంతరం. ముప్పున్న పిల్లలందరికీ జబ్బు రాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో అత్యధికులకు లుకేమియా రానే రాదు. ఈ మాట కూడా కలిపి చెప్పాలి. విల్మ్స్ ముప్పున్న సిండ్రోమ్‌లలో మూడు నెలలకోసారి కడుపు స్కానింగ్ చేయిస్తే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది; తొలి దశలో దొరికితే నూటికి తొంభై మంది దాకా బతుకుతారు. యానాం తల్లికి కాకినాడ పెద్దాసుపత్రి దూరం కాదు. గ్రహ శాంతి చేయించుకునేవారు చేయించుకోవచ్చు, స్కానింగ్ తేదీ తప్పనంతవరకు. బిడ్డ ఒంటిమీది గుర్తు గతంపై తీర్పు కాదు. పెద్దలు ఇకపై చేయాల్సిన పని.