సోక్రటీస్ ఎందుకు పారిపోలేదు?

క్రీస్తుపూర్వం 399లో ఏథెన్స్ న్యాయసభ సోక్రటీస్‌కు మరణశిక్ష వేసింది. నగరం కొలిచే దేవుళ్లను ఆయన కొలవడం లేదనీ, యువతను చెడగొడుతున్నాడనీ అభియోగం. డెలోస్ దీవికి వెళ్లిన పవిత్ర నౌక తిరిగొచ్చేదాకా ఎవరినీ చంపకూడదన్న ఆచారం వల్ల ఆయన కొన్నాళ్లు చెరలో ఉన్నారు. ఒకనాడు తెల్లవారకముందే ఆప్తమిత్రుడు క్రిటో వచ్చాడు. డబ్బు సిద్ధంగా ఉంది, థెస్సలీలో ఆశ్రయమిచ్చే వాళ్లున్నారు, పారిపొమ్మని బతిమాలాడు. డెబ్బై ఏళ్ల ఆ వృద్ధుడు ఒప్పుకోలేదు. ప్లేటో రాసిన ఈ సంభాషణను చట్టానికి తలవంచమనే పాఠంగా చదవడం పరిపాటి. అది సోక్రటీస్‌ను చిన్నబుచ్చే చదువు.

ఎందుకంటే ఆజ్ఞలను ధిక్కరించడం ఆయనకు కొత్త కాదు. ఆర్గినూసే నౌకాయుద్ధం గెలిచాక, నీటిలో చిక్కుకున్న నావికులను కాపాడలేదన్న కోపంతో సేనానులందరినీ ఒకే ఓటుతో శిక్షించాలని క్రీ.పూ. 406లో ప్రజాసభ పట్టుబట్టింది. అది చట్టవిరుద్ధమని సభానిర్వాహకుల్లో ఒకరైన సోక్రటీస్ ఎదురు నిలిచారు. తర్వాత ముప్ఫైమంది నియంతల పాలనలో, సలామిస్ వాసి లియోన్‌ను పట్టి తెమ్మని ఐదుగురికి ఆజ్ఞ వచ్చింది. నలుగురు వెళ్లారు, సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయారు. మరి అప్పుడు ఎదిరించిన మనిషి చెరసాలలో ఎందుకు లొంగాడు? లియోన్ విషయంలో ఆజ్ఞ ఆయన చేత అన్యాయం చేయించబోయింది. మరణశిక్ష ఆయనకు అన్యాయం చేసింది, అంతే. తనకు కీడు జరిగినా తిరిగి కీడు చేయరాదన్నది ఆయన క్రిటోకు చెప్పిన మూలసూత్రం. అన్యాయం చేస్తే దెబ్బతినేది మనలో శరీరం కన్నా విలువైన భాగమని ఆయన నమ్మకం. పారిపోవాలంటే లంచాలివ్వాలి, జీవితమంతా ఇష్టపడి ఉన్న నగరపు తీర్పును మోసంతో చెల్లకుండా చేయాలి.

తండ్రి లేకుండా ముగ్గురు పిల్లలు ఏం కావాలని క్రిటో అడిగాడు. అది మనసును కోసే ప్రశ్న. పరాయి ఊళ్లో పరదేశులుగా పెరగడం కన్నా ఏథెన్స్‌లో మిత్రుల సంరక్షణే మేలని సోక్రటీస్ జవాబు. అందరికీ అది చాలకపోవచ్చు. అన్యాయపు తీర్పును పాటిస్తే అన్యాయానికే బలం కాదా అన్న ఆక్షేపణ ఇంకా గట్టిది. కానీ ఆయన ఆ తీర్పు సరైనదని ఎన్నడూ అనలేదు. తత్వవిచారం మానుకుంటే వదిలేస్తామన్నా మానబోనని న్యాయసభలోనే చెప్పారు. చట్టాన్ని ఒప్పించు, లేదా పాటించు అన్నది ఆయన ముందున్న నియమం. ఒప్పించే అవకాశం ఉన్న పౌరుడికే ఈ వాదన వర్తిస్తుందని నా అభిప్రాయం. ఆ నగరంలోనే నోరెత్తే హక్కు లేని బానిసలకు దీన్ని అంటగట్టలేం.

ధిక్కారమూ, శిక్షను స్వీకరించడమూ ఒకే నిష్ఠకు రెండు రూపాలని గాంధీ గ్రహించారు. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ రిజిస్ట్రేషన్ చట్టాన్ని ఎదిరించి 1908 జనవరిలో జైలుకు వెళ్లిన ఆయన, ఆ ఏడాదే న్యాయసభలో సోక్రటీస్ చెప్పిన మాటలను గుజరాతీలో సంగ్రహించి ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో ప్రచురించారు.